ఇంట్లో రికార్డింగ్‌కు యూఎస్‌బీ మైకు: కొనే ముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి?

భైంసా: ఇంట్లో ఒక మూల కూర్చుని పాఠం చెప్పి యూట్యూబ్‌లో పెట్టే టీచర్లు, నాత్‌లు పాడి రికార్డు చేసుకునే కుర్రాళ్లు, ఊరి వార్తలు చదివే చిన్న ఛానెళ్ల వాళ్లు... చిన్న పట్టణాల్లో కూడా ఇప్పుడు వీళ్లకు కొదవ లేదు. ఫోన్‌లో వీడియో బాగానే వస్తోంది. గొంతు దగ్గరికి వచ్చేసరికే చిక్కు. ఫ్యాన్ చప్పుడు, గదిలో గూంజ్, వీధిలో ఆటో హారన్ అన్నీ మాటతో పాటే వచ్చి పడతాయి. వినేవాళ్లు పది సెకన్లు విని పక్కకు జరిపేస్తారు.

అప్పుడు ఎవరికైనా తట్టే మొదటి ఆలోచన, మంచి మైకు కొందామని. ఆన్‌లైన్‌లో వెతికితే వెయ్యి రూపాయల నుంచి ఇరవై వేల దాకా యూఎస్‌బీ మైకులు కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో అర్థం కాదు. చాలామంది రేటింగ్ చూసి, రంగు లైట్లు చూసి కొనేస్తారు. తీరా రికార్డు చేశాక చూస్తే చప్పుడు తగ్గలేదు సరికదా, ఇంకాస్త స్పష్టంగా వినబడుతుంది!

తప్పు మైకుది కాదు. ఇంటి రికార్డింగ్‌లో మైకు ధర కంటే రెండు విషయాలు ఎక్కువ పని చేస్తాయి. ఒకటి గది. రెండు, నోటికి మైకుకు మధ్య దూరం. ఈ రెండూ సరిచేసుకుంటే రెండు మూడు వేల మైకు కూడా సరిపోతుంది. వదిలేస్తే ఇరవై వేల మైకు కూడా దండగే.

మాట పోతే అర్థం పోతుంది

నిర్మల్ జిల్లాలో, మహారాష్ట్ర సరిహద్దుకు దగ్గరగా ఉన్న భైంసాలో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ నడుస్తాయి. ఇలాంటి చోట గొంతు స్పష్టంగా లేకపోతే నష్టం ఎక్కువ. ఉర్దూలో కాఫ్ వేరు, ఖాఫ్ వేరు. జీమ్ వేరు, జే వేరు. తెలుగులో స, శ, ష మూడు వేర్వేరు అక్షరాలు. పిల్లలకు భాష నేర్పేవాళ్లకు, ఖిరాత్ నేర్పేవాళ్లకు ఈ తేడాలే ప్రాణం.

ఈ తేడాల్లో కొన్నింటిని చెడ్డ రికార్డింగ్ ఎలా మింగేస్తుందో చూద్దాం. స, శ, జ, ఫ లాంటి ధ్వనుల్లో బలం చాలావరకు పై ఫ్రీక్వెన్సీల్లో ఉంటుంది. పాతకాలపు టెలిఫోన్ లైన్ దాదాపు 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. అందుకే ఫోన్‌లో పేరు చెప్పేటప్పుడు 'స ఫర్ సమోసా' అని విడమరచి చెప్పాల్సి వచ్చేది. ఇప్పటి మైకులు 15,000 హెర్ట్జ్ దాటి కూడా అందుకుంటాయి. కానీ ఫ్యాన్ గాలి చప్పుడు, గది గూంజ్ ఈ సన్నని ధ్వనుల మీద కూడా వచ్చి కూర్చుంటాయి. మంచి మైకు ఉన్నా మాట మసకబారేది ఇందుకే.

వినేవాళ్లు ఎలా వింటారన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. నిర్మల్, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లిన వాళ్లు ఎందరో ఉన్నారు. ఊరి వార్త, ఇంట్లో పిల్లాడి నాత్ వాళ్లు వినేది ఫోన్ స్పీకర్‌లో, అదీ క్యాంపు గదిలో నలుగురి మధ్య. అక్కడ స్టూడియో మెరుగులు ఎవరూ గమనించరు. మాట తెలిస్తే చాలు.

గల్లీ నుంచి మొదలైన రేడియో

సొంతంగా గొంతు వినిపించాలన్న తపన ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1933లో హైదరాబాద్ చిరాగ్ అలీ గల్లీలో మహబూబ్ అలీ సొంతంగా చిన్న రేడియో స్టేషన్ మొదలుపెట్టారు. 1935లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. అదే దక్కన్ రేడియోగా ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషల్లోనూ వినిపించింది. తర్వాత ఆకాశవాణిలో కలిసింది. ఉత్తర తెలంగాణకు ఆదిలాబాద్‌లో ఆకాశవాణి కేంద్రం వచ్చాక తెలుగుతో పాటు గోండి మాట కూడా రేడియోలో వినబడింది.

ఆ రోజుల్లో గొంతు రికార్డు చేయాలంటే స్టేషన్‌కు వెళ్లాల్సిందే. కరోనా కాలంలో లెక్క మారింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో ప్రభుత్వ బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానెళ్లలో వచ్చాయి. అదే సమయంలో ఎందరో ప్రైవేటు టీచర్లు ఇంట్లో ఫోన్ ముందు కూర్చుని పాఠాలు చెప్పడం అలవాటు చేసుకున్నారు. బడులు తెరుచుకున్నాయి గానీ ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

యూఎస్‌బీ మైకు అంటే అసలేంటి?

స్టూడియో మైకుకు మూడు వస్తువులు కావాలి. మైకు, దాని బలహీనమైన సిగ్నల్‌ను పెంచే ప్రీ-యాంప్, ఆ సిగ్నల్‌ను కంప్యూటర్‌కు అర్థమయ్యే అంకెలుగా మార్చే కన్వర్టర్. యూఎస్‌బీ మైకులో ఈ మూడూ ఒకే డబ్బాలో ఉంటాయి. కేబుల్ లాప్‌టాప్‌కు గుచ్చితే చాలు. వేరే డ్రైవర్ కూడా చాలావరకు అవసరం లేదు.

యూఎస్‌బీ 1996లో వచ్చింది. దానితో నడిచే మైకులు 2005 ప్రాంతంలో ఇళ్లలోకి రావడం మొదలైంది. శాంసన్, బ్లూ కంపెనీలు అప్పట్లో ముందున్నాయి. 2009లో వచ్చిన బ్లూ యెతి యూట్యూబర్ల బల్లల మీద బాగా కనిపించింది. ఇప్పుడు ఫిఫైన్, మావోనో లాంటి తక్కువ ధర బ్రాండ్లు కూడా మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి.

ఇంకో మాట. ఫోన్‌లో కూడా మైకు ఉంది, అదేమీ చెడ్డది కాదు. ఫోన్‌లో ఉండే చిన్న మైకులకు, చవక మైకులకు మూలమైన ఎలెక్ట్రెట్ మైకును 1962లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ తయారుచేశారు. ఫోన్ మైకుతో సమస్య ఒకటే. వీడియో తీసేటప్పుడు అది నోటికి నాలుగడుగుల దూరంలో ఉంటుంది. అందుకే గదిలో చప్పుడంతా లాక్కుంటుంది.

ముందు గది సంగతి

మన ఇళ్లలో చాలావరకు సున్నం గోడలు, కింద బండలు లేదా టైల్స్, పైన స్లాబు. అన్నీ గట్టి తలాలే. మాట గోడకు తగిలి వెనక్కి వస్తుంది, మళ్లీ ఎదుటి గోడకు తగులుతుంది. మైకు అసలు మాటతో పాటు ఈ తిరుగు మాటలను కూడా పట్టుకుంటుంది. గొంతు బావిలోంచి వచ్చినట్టు అనిపించేది ఇందుకే.

దీనికి మందు భైంసాలో ప్రతి ఇంట్లో ఉంది. అదే దూది. ఈ ఊరు పత్తి వ్యాపారానికి పేరున్న ఊరు. దూదేకుల వాళ్లు, ఉర్దూలో నద్దాఫ్ అనేవాళ్లు, ఏకిన దూదితో కుట్టిన రజాయి, పరుపు చలికాలంలోనే కాదు, రికార్డింగ్‌లోనూ పనికొస్తాయి. దూది పీచుల మధ్య సందుల్లో గాలి కదలాడేటప్పుడు రాపిడికి ధ్వని శక్తి కాస్త వేడిగా మారి ఆగిపోతుంది. సూత్రం ఇంతే.

మందం ముఖ్యం. 1,000 హెర్ట్జ్ ధ్వని తరంగం పొడవు సుమారు 34 సెంటీమీటర్లు. 100 హెర్ట్జ్ అయితే దాదాపు మూడున్నర మీటర్లు. పలచటి చెద్దరు సన్నని ధ్వనులను మాత్రమే ఆపుతుంది. మందపు రజాయి మధ్య ధ్వనులను కూడా తగ్గిస్తుంది. గోడకు అంటించి కాకుండా నాలుగైదు వేళ్ల ఎడం వదిలి వేలాడదీస్తే ఇంకా బాగా పని చేస్తుంది. బొంగురు ధ్వనిని ఏ రజాయీ పూర్తిగా ఆపలేదు. అయితే మాట స్పష్టతకు దానితో అంత అడ్డు లేదు.

ఎక్కడ కట్టాలి? చాలామంది మైకు వెనక కడతారు. ముందుగా కట్టాల్సింది మాట్లాడే మనిషి వీపు వెనక. ఒక వైపు నుంచే వినే మైకు ముఖం మీ వైపు ఉంటుంది కాబట్టి మీ వెనక గోడ నుంచి వచ్చే తిరుగు మాటే దానికి సూటిగా తగులుతుంది. మంచం మీద పరుపు నిలబెట్టినా, బట్టలు నిండిన అల్మారీ తలుపులు తీసి దానికి వీపు పెట్టి కూర్చున్నా పనవుతుంది. రెండో రజాయి ఉంటే పక్క గోడకు. కింద జంఖానా పరచాలి.

గుడ్ల ట్రేలు గోడకు అంటిస్తే చప్పుడు ఆగుతుందన్నది ఉత్త ప్రచారం. పలచని అట్ట వల్ల ఒరిగేది పెద్దగా ఏమీ ఉండదు, పైగా నిప్పు అంటుకుంటే ప్రమాదం.

రజాయి ఆపలేనిది

ఇక్కడ చాలామంది పొరపడతారు. రజాయి గదిలో గూంజ్‌ను తగ్గిస్తుంది. బయటి చప్పుడును ఆపదు. లారీ హారన్, మసీదు, గుడి మైకులు, పెళ్లి బ్యాండు, పక్కింటి మిక్సీ... వీటిని ఆపాలంటే బరువైన గోడలు, సందు లేని తలుపులు కావాలి. అద్దె ఇంట్లో అది అయ్యే పని కాదు.

దానికి మార్గం వేళ చూసుకోవడం. భైంసా మీదుగా 61వ నంబరు జాతీయ రహదారి పోతుంది. పత్తి సీజన్‌లో మార్కెట్‌కు వచ్చే బండ్ల రద్దీ వేరే. రహదారికి దగ్గర ఉన్న ఇళ్లలో పగలు రికార్డింగ్ కష్టమే. రాత్రి పది తర్వాత గానీ, ఫజర్ తర్వాత ఊరు పూర్తిగా లేవకముందు గానీ ఒక గంట దొరికితే వారానికి సరిపడా పాఠాలు రికార్డు చేసుకోవచ్చు. ఏ వేళ ఎంత చప్పుడు ఉంటుందో తెలియాలంటే ఒక రోజు గంటకోసారి అరనిమిషం ఉత్త గదిని ఫోన్‌లో రికార్డు చేసి వినండి. లెక్క దానంతట అదే తేలుతుంది.

ఇంట్లో చప్పుడు మాత్రం చేతిలో పనే. రికార్డింగ్ వేళ ఫ్యాన్, కూలర్ బంద్ చేయాలి. ఫ్రిజ్ అదే గదిలో ఉంటే అరగంట స్విచ్ తీసేయాలి, మళ్లీ వేయడం మర్చిపోకుండా బండి తాళం చెవి ఫ్రిజ్‌లో పెట్టడం ఒక చిట్కా. ఎండాకాలంలో ఫ్యాన్ లేకుండా అరగంట కూర్చోవడం నరకమే. అందుకే అయిదేసి నిమిషాల ముక్కలుగా రికార్డు చేసి, మధ్యలో ఫ్యాన్ వేసుకోవడం మేలు. రేకుల ఇంట్లో వాన పడితే ఆ రోజు పని వాయిదా వేసుకోవడమే.

కండెన్సరా, డైనమిక్కా?

మైకుల్లో ప్రధానంగా రెండు రకాలు. డబ్బా మీద రాసి ఉంటుంది, చూసి కొనాలి.

కండెన్సర్ మైకులో పలచటి పొర ఉంటుంది. చిన్న ధ్వనికి కూడా కదులుతుంది. గొంతులో సన్నదనం బాగా పట్టుకుంటుంది. దానితో పాటు గదిని కూడా పట్టుకుంటుంది. చవక యూఎస్‌బీ మైకుల్లో ఎక్కువ భాగం ఇవే.

డైనమిక్ మైకులో పొరకు సన్నని తీగ చుట్ట అంటి ఉంటుంది, అది అయస్కాంతం మధ్య కదులుతుంది. బరువు ఎక్కువ కాబట్టి అంత చురుకు కాదు. నోటికి బాగా దగ్గరగా పెట్టి మాట్లాడాలి. అలా దగ్గర మాట్లాడినప్పుడు దూరపు చప్పుడు వెనకబడిపోతుంది. సభల్లో చేతిలో పట్టుకునే మైకులు సాధారణంగా ఈ రకమే. శాంసన్ క్యూ2యూ, ఆడియో-టెక్నికా ఏటీఆర్2100ఎక్స్ లాంటివి యూఎస్‌బీతో నడిచే డైనమిక్ మైకులు. వీటికి స్టూడియో కేబుల్ పెట్టే చోటు కూడా ఉంటుంది, రేపు మిక్సర్ కొన్నా మైకు పనికొస్తుంది.

లోపలి గల్లీలో నిశ్శబ్దమైన గది, రజాయిలు కట్టే వీలు ఉంటే కండెన్సర్ చాలు. రోడ్డు పక్క ఇల్లు, పిల్లలు తిరిగే ఇల్లు అయితే డైనమిక్ వైపు చూడటం మంచిది. దాని ధర ఎక్కువే. కానీ రోజూ పని పడే వాళ్లకు గిట్టుబాటవుతుంది.

ఏ రకమైనా 'కార్డియాయిడ్' అని ఉందో లేదో చూడాలి. అంటే ముందు వైపు ఎక్కువ, వెనక వైపు తక్కువ వింటుందని అర్థం. ఆ వెనక వైపును చప్పుడు వచ్చే కిటికీ వైపు తిప్పి పెట్టుకోవాలి. మైకు ఎదురుగా కూర్చునే మనం అప్పుడు కిటికీకి ఎదురుగా, దాని వెనక రజాయికి వీపు పెట్టి ఉంటాం. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చప్పుడు తగ్గుతుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి

- హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం మైకుకే ఉండాలి. మన గొంతు ఎలా పోతోందో ఆలస్యం లేకుండా అక్కడే వినొచ్చు. ఇది లేక ఎన్నో రికార్డింగులు పాడవుతాయి.
- గెయిన్ బటన్ ఉండాలి. మైకు ఎంత గట్టిగా వినాలో అది తేలుస్తుంది.
- స్టాండ్ గట్టిగా నిలవాలి. బల్ల తగిలితే దడదడ రికార్డవుతుంది. అడుగున మడిచిన తువ్వాలు వేస్తే సగం బాధ తీరుతుంది.
- ఫోన్‌తో వాడాలంటే ఓటీజీ అడాప్టర్ పని చేస్తుందో లేదో షాపులోనే గుచ్చి చూడాలి. కొన్ని మైకులు ఫోన్ ఇచ్చే కరెంటుకు నడవవు.
- జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోవాలి. బిల్లు లేకుండా వంద రూపాయలు తగ్గించుకుంటే రేపు వారంటీ అడిగే దారి ఉండదు. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు ఎన్ని రోజులో ముందే చూసి, ఆ గడువులోనే రోజూ వాడి పరీక్షించాలి.

రంగు లైట్లు, బంగారు రంగు, '192 కిలోహెర్ట్జ్' లాంటి పెద్ద అంకెలకు డబ్బు పెట్టాల్సిన పని లేదు. మాటకు 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ చాలు.

డబ్బు లెక్క కూడా వేసుకోవాలి. మూడు వేల మైకుతో ఏడాదిలో 200 పాఠాలు చేస్తే పాఠానికి 15 రూపాయలు పడుతుంది. అదే మైకుతో పది పాఠాలు చేసి పక్కన పడేస్తే ఒక్కోదానికి 300 రూపాయలు. అందుకే మొదట నెల రోజులు ఫోన్‌తోనే క్రమం తప్పకుండా చేసి చూసి, పని నిలుస్తుందని తేలాక కొనడం తెలివైన పని. అప్పు చేసి, ఈఎంఐ పెట్టి కొనాల్సిన వస్తువు ఇది కాదు.

జానెడు దూరం, బెత్తెడు దూరం

మైకు వచ్చింది. ఇక అసలు పని. నోటికి మైకుకు మధ్య దూరం రెట్టింపు అయితే మైకుకు చేరే గొంతు బలం సగమవుతుంది, లెక్కలో 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో ఫ్యాన్ చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. 15 సెంటీమీటర్ల దూరం నుంచి 60 సెంటీమీటర్లకు జరిగితే గొంతు నాలుగో వంతుకు పడిపోతుంది. గెయిన్ పెంచితే గొంతుతో పాటు ఫ్యాన్ కూడా పెరుగుతుంది.

కండెన్సర్‌కు జానెడు లోపు. డైనమిక్‌కు బెత్తెడు. ఇదే కొలత. మరీ దగ్గరగా మూతి ఆనించి మాట్లాడితే గొంతు అనవసరంగా బొంగురుగా వస్తుంది.

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇంకొకటి ఉంది. బల్ల మీద నిలబెట్టే కండెన్సర్ మైకుల్లో చాలా వాటికి వినే ముఖం పక్కన, అంటే కంపెనీ పేరు రాసి ఉన్న వైపు ఉంటుంది. జనం దాన్ని ఐస్‌క్రీమ్‌లా పట్టుకుని పై కొన మీద మాట్లాడతారు. గొంతు పలచబడుతుంది, 'మైకు బాగాలేదు' అంటారు. చేతి మైకు ఆకారంలో ఉన్న డైనమిక్ మైకులకు మాత్రం కొనలోనే మాట్లాడాలి. డబ్బాలో వచ్చే కాగితంలో బొమ్మ ఉంటుంది, ఒక్కసారి చూడండి.

'భ'తో పరీక్ష

మన భాషల్లో ఒత్తు అక్షరాలు ఎక్కువ. ఫ, భ, ఖ, ధ పలికినప్పుడు నోట్లోంచి గాలి దూసుకొస్తుంది. అది నేరుగా మైకుకు తగిలితే 'బుఫ్' మని పేలుతుంది. భైంసా అన్న పేరే ఆ అక్షరంతో మొదలవుతుంది. కాబట్టి మైకు పెట్టగానే 'భైంసా, ఫలితం, ఖబర్, ధర' అని నాలుగు మాటలు పలికి హెడ్‌ఫోన్‌లో వినండి. పేలుతుంటే మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు జరిపి, నోటి వైపు తిప్పండి. గాలి పక్కనుంచి పోతుంది, మాట మాత్రం మైకుకు చేరుతుంది. పాప్ ఫిల్టర్ అనే జాలీ రెండు మూడు వందలకు దొరుకుతుంది. లేదంటే పలచటి నైలాన్ బట్టను చిన్న రింగుకు బిగించి నాలుగు వేళ్ల ముందు పెట్టినా సరే.

గెయిన్ ఎంత?

రోజూ మాట్లాడే గొంతుతోనే, కాస్త గట్టిగా వచ్చే వాక్యం ఒకటి చదవండి. సాఫ్ట్‌వేర్‌లో మీటర్ మైనస్ 12 నుంచి మైనస్ 6 మధ్య ఆడాలి. సున్నాకు తగిలితే గొంతు చిట్లుతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. తక్కువగా ఉంటే తర్వాత పెంచుకోవచ్చు. నాత్ పాడేవాళ్లు పై స్వరం ఎత్తుకునే చోట పరీక్షించాలి, మొదటి పంక్తితో కాదు.

'గుయ్య్' మని సన్నగా వినబడితే అది చాలాసార్లు కరెంటు చప్పుడు. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ఛార్జర్ తీసి లాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపితే చాలావరకు పోతుంది. ఇన్వర్టర్ నడిచేటప్పుడు రికార్డింగ్ పెట్టుకోకపోవడం మంచిది.

ఇద్దరు మాట్లాడుకునే కార్యక్రమమైతే ఒకే కంప్యూటర్‌కు రెండు యూఎస్‌బీ మైకులు గుచ్చి తిప్పలు పడొద్దు. చాలా ఉచిత సాఫ్ట్‌వేర్లు ఒకసారి ఒక్క మైకునే తీసుకుంటాయి. ఒక మైకుకు ఇద్దరూ దగ్గరగా పక్కపక్కన కూర్చోవాలి. లేదా ఎవరి ఫోన్‌లో వాళ్లు రికార్డు చేసుకుని, మొదట్లో ఒక చప్పట కొట్టి, ఆ చప్పట ఆధారంగా తర్వాత కలపాలి.

రికార్డు చేశాక

ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. 2000లో మొదటిసారి విడుదలైంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ప్రతి రికార్డింగ్ మొదట్లో అయిదు సెకన్లు మౌనంగా ఉండండి. ఆ మౌనాన్ని చూపిస్తే గది చప్పుడు ఎలాంటిదో సాఫ్ట్‌వేర్ తెలుసుకుని మిగతా రికార్డింగ్‌లో దాన్ని తగ్గిస్తుంది. అయితే కొంచెమే వాడాలి. ఎక్కువ తగ్గిస్తే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది, ముందు చెప్పుకున్న స, శ తేడాలు మళ్లీ పోతాయి. గూంజ్‌ను మాత్రం ఇది సరిగా తీయలేదు. దానికి రజాయే దిక్కు.

ఒక గంట మాట, ఒకే ట్రాక్, 48 కిలోహెర్ట్జ్, 16 బిట్‌లో దాదాపు 345 ఎంబీ అవుతుంది. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 80 గంటలకు పైనే పడుతుంది. కాబట్టి అసలు ఫైలు చెరిపేయాల్సిన అవసరం లేదు.

అసలు ఫైలు దాచుకోవడం స్థానిక వార్తలు చెప్పేవాళ్లకు ఇంకా ముఖ్యం. 2020 జనవరిలో ఘర్షణలు జరిగినప్పుడు ఇంటర్నెట్ సేవలు నిలిపివేసిన ఊరు భైంసా. ఇలాంటి చోట సగం వినబడిన మాట, ముందూ వెనకా కోసిన క్లిప్ ఎంత దూరం పోతుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒక మాట సరిగా వినబడకపోతే వినేవాళ్లు తమకు తోచింది పూరించుకుంటారు. స్పష్టంగా రికార్డు చేయడం, తేదీ వేసి పూర్తి ఫైలు దాచిపెట్టడం, ఎదుటి మనిషిని అడిగాకే రికార్డు చేయడం... ఈ మూడూ మైకు ఎంపిక కంటే పెద్ద బాధ్యతలు.

ఈ రాత్రే చేసి చూడండి

మైకు కొనే ముందు ఒక చిన్న పరీక్ష. రాత్రి ఊరు సద్దుమణిగాక ఫ్యాన్ బంద్ చేసి, ఫోన్‌ను బల్ల మీద నాలుగడుగుల దూరంలో పెట్టి ఒక నిమిషం చదవండి. తర్వాత వెనక రజాయి వేలాడదీసి, ఫోన్‌ను జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెట్టి అదే పేరా మళ్లీ చదవండి. రెండూ ఇయర్‌ఫోన్‌లో విని, ఇంట్లో వాళ్లకు కూడా వినిపించండి.

రెండోది విని 'ఇది చాలు' అనిపిస్తే డబ్బు మిగిలినట్టే. ఇంకా కావాలనిపిస్తే అప్పుడు మైకు కొనండి. అప్పటికి గది సిద్ధంగా ఉంటుంది, దూరం అలవాటై ఉంటుంది. పెట్టిన ప్రతి రూపాయి గొంతులో వినబడుతుంది.